స్టెప్ బై స్టెప్ గైడ్లు తయారుచేసే టూల్స్: రాణిగంజ్ ఆఫీసులో రెండేళ్లు వాడి చూశాక

మా ఆఫీసు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో. పంపులు, మోటార్లు, వాటి స్పేర్లు హోల్‌సేల్‌గా అమ్ముతాం, బాలానగర్‌లో గోడౌన్ ఉంది. బిల్లింగ్, స్టాకు, జీఎస్టీ పనులు నేను చూస్తాను, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేదీ నేనే. కౌంటర్ దగ్గర ఏడాదికి ముగ్గురు నలుగురు మారతారు. వచ్చినవాళ్లందరికీ మళ్లీ మొదటినుంచి అదే పాఠం: సేల్స్ బిల్లు ఎలా కొట్టాలి, రిటర్న్ వస్తే ఏం చేయాలి, ఈ-వే బిల్లులో (సరుకు లారీలో పంపేటప్పుడు ప్రభుత్వ పోర్టల్‌లో తీసే బిల్లు) లారీ నంబరు ఎక్కడ మార్చాలి. పక్కన కూర్చుని చూపిస్తే నోట్‌బుక్‌లో రాసుకుంటారు, రెండు రోజుల తర్వాత ఆ నోట్‌బుక్‌లో వాళ్లు రాసుకున్నది వాళ్లకే అర్థం కాదు. నేను సెలవు పెట్టిన రోజు నా ఫోన్ పొద్దున పదింటి నుంచి మోగుతూనే ఉంటుంది.

అందుకని స్క్రీన్‌షాట్లతో, ఒక్కో స్టెప్‌కు నంబరు వేసి, తెలుగులో గైడ్లు తయారుచేయడం మొదలుపెట్టాను. ఈ రెండేళ్లలో చాలా టూల్స్ వాడాను, కొన్నింటికి డబ్బు కట్టాను, కొన్ని వారంలో తీసేశాను. వీటి గురించి ఇంగ్లిష్‌లో రివ్యూలు బోలెడున్నాయి కానీ అవన్నీ అందరికీ ల్యాప్‌టాప్ ఉండి, అందరూ ఇంగ్లిష్ చదివే ఆఫీసుల కోసం రాసినవి. మాలాంటి షాపుకి, తెలుగులో ప్రింట్ తీసి కంప్యూటర్ పక్కన అతికించే చోటికి, ఏది పనికొస్తుందో ఎవరూ రాయలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఉచితంగా దొరికేదాంతో మొదలుపెడతాను. విండోస్‌లో స్టెప్స్ రికార్డర్ అని ఒకటుంది, విండోస్ 7 నుంచి వస్తోంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి పీఎస్ఆర్ అని టైప్ చేస్తే తెరుచుకుంటుంది. స్టార్ట్ నొక్కి మీ పని మీరు చేసుకుంటూ పోతే క్లిక్ చేసిన ప్రతిచోటా ఒక స్క్రీన్‌షాట్ తీసి, దాంతోపాటు ఎక్కడ క్లిక్ చేశారో ఒక వాక్యం రాసి, అంతా ఒక జిప్ ఫైలుగా ఇస్తుంది. లోపలుండేది ఎంహెచ్‌టీ ఫైలు (బొమ్మలతో సహా ఒకే ఫైలుగా దాచిన వెబ్ పేజీ), దాన్ని వర్డ్‌లో తెరిచి సరిచేసుకోవచ్చు. నేను మొదటి గైడ్లు చేసింది దీంతోనే. రెండు సంగతులు తెలుసుకుని వాడండి. మామూలుగా చివరి 25 స్క్రీన్‌షాట్లు మాత్రమే దాచుకునేలా సెట్టింగ్ ఉంటుంది, పెద్ద పని రికార్డ్ చేసే ముందు ఆ అంకె పెంచుకోవాలి, లేకపోతే మొదటి స్టెప్పులు ఉండవు. రెండోది, మీరు టైప్ చేసిన అక్షరాలను అది రాసుకోదు, పాస్‌వర్డ్‌ల భద్రత కోసం అలా చేశారు, అది మంచిదే, కానీ ఏ బాక్స్‌లో ఏం కొట్టాలో మీరే చేత్తో చేర్చాలి. మైక్రోసాఫ్ట్ 2023 చివర్లోనే దీన్ని ఇక ముందుకు తీసుకెళ్లమని చెప్పేసింది, బదులుగా స్నిప్పింగ్ టూల్, క్లిప్‌చాంప్ లాంటివి వాడమంటోంది. అవి స్క్రీన్‌ని పట్టుకుంటాయి, వీడియో తీస్తాయి, కానీ స్టెప్పులుగా విడగొట్టి ఇవ్వడం వాటి పని కాదు. కాబట్టి ఉన్నన్నాళ్లు వాడుకోండి, దాని మీద ఆధారపడి పెద్ద ప్లాన్లు వేసుకోవద్దు.

ఆ తర్వాత స్క్రైబ్. ఇది బ్రౌజర్‌లో పెట్టుకునే ఎక్స్‌టెన్షన్, క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ పనిచేస్తుంది. నిజంగా బాగుంటుంది, మొదటిసారి చూసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ఈ-వే బిల్లు పోర్టల్‌లో పని చేస్తూ పోయాను, ఆపగానే గైడ్ సిద్ధంగా ఉంది, క్లిక్ చేసిన బటన్ చుట్టూ గుండ్రంగా గుర్తు, పైన బటన్ పేరుతో సహా ఒక వాక్యం. బ్రౌజర్‌లో ఇది ఇంత బాగా రావడానికి కారణం ఉంది: వెబ్ పేజీలో ప్రతి బటన్‌కీ లోపల పేరు రాసి ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ ఆ పేరును నేరుగా చదువుకోగలదు. లింక్ పంపితే చాలు, మీరు తర్వాత మార్పు చేసినా అదే లింక్‌లో కొత్తది కనిపిస్తుంది. అందరి ముందూ కంప్యూటర్ ఉన్న ఆఫీసుకి ఇంతకన్నా మంచి సౌకర్యం లేదు. ఉచిత ప్లాన్‌లో బ్రౌజర్‌లో చేసే పని మాత్రమే పట్టుకుంటుంది, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్‌కి గైడ్ కావాలంటే డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవాలి. టాంగో కూడా దాదాపు ఇలాంటిదే, దానిలో అదనంగా ఉన్నది ఏంటంటే అసలు వెబ్‌సైట్ మీదే పక్కన ఉండి ఇప్పుడు ఇది నొక్కు, ఇప్పుడు అది నొక్కు అని చూపిస్తుంది. కొత్తవాళ్లకు అది బాగా పనికొస్తుంది. వీడియోగా కావాలనుకుంటే, గొంతుతో సహా తయారుచేసే Guidde అనే టూల్ ఉంది (గైడ్ లాగే పలుకుతుంది), దాన్ని నేను ఎక్కువ వాడలేదు, ఎందుకో తర్వాత చెప్తాను.

బ్రౌజర్ వరకు ఇంత సుఖంగా ఉంది కదా అని ట్యాలీకి (మేం బిల్లులు, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) వచ్చేసరికి ఆగిపోయాను. మా పనిలో ముప్పావు వంతు ట్యాలీప్రైమ్‌లోనే. ట్యాలీ వాడేవాళ్లకు తెలుసు, మౌస్ ముట్టుకోకుండా పనంతా కీబోర్డు మీదే నడుస్తుంది. సేల్స్‌కి ఎఫ్8, పర్చేజ్‌కి ఎఫ్9, రిసీట్‌కి ఎఫ్6, చివర కంట్రోల్ ఏ కొడితే బిల్లు సేవ్ అయిపోతుంది. క్లిక్‌ని బట్టి స్క్రీన్‌షాట్ తీసే టూల్‌కి ఇక్కడ పట్టుకోవడానికి క్లిక్కే లేదు. నేను ఇరవై కీలు నొక్కి ఒక బిల్లు పూర్తిచేస్తే దానికి దొరికేవి రెండు మూడు బొమ్మలు. ఇది ఏ ఒక్క టూల్ తప్పూ కాదు, వాటిని తయారుచేసినవాళ్లు మౌస్‌తో పనిచేసే మనుషుల్ని చూసి తయారుచేశారు. కానీ మన దగ్గర ఆఫీసుల్లో, షాపుల్లో లెక్కలన్నీ ట్యాలీలో ఉన్నప్పుడు, కొనేముందు చూసుకోవాల్సిన మొదటి విషయం ఇదే: షార్ట్‌కట్ కీ నొక్కి నాకు కావలసిన చోట స్క్రీన్ పట్టుకునే వీలుందా లేదా.

ఆ వెతుకులాటలో దొరికింది ఫోల్జ్. ఇది కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునేది, విండోస్‌కీ మ్యాక్‌కీ ఉంది. క్లిక్ చేసినప్పుడల్లా పట్టుకుంటుంది, షార్ట్‌కట్ నొక్కినా పట్టుకుంటుంది. గైడ్లన్నీ మన కంప్యూటర్‌లోనే ఉంటాయి, ఎవరి సర్వర్‌కీ వెళ్లవు. నెలనెలా కట్టే పని లేదు, లైసెన్స్ ఒకసారి కొంటే సరిపోతుంది. ఉచితంగా వాడి చూడొచ్చు, దానికి పరిమితులున్నాయి, కానీ మీ పనికి పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి అది చాలు. వర్డ్, పీడీఎఫ్, పవర్‌పాయింట్, వెబ్ పేజీ, ఏ రూపంలో కావాలంటే ఆ రూపంలో బయటికి తీసుకోవచ్చు. చూడటానికి స్క్రైబ్ అంత సొగసుగా ఉండదు. వాక్యాలు చాలావరకు మనమే రాసుకోవాలి. కానీ నా విషయంలో అది లోటు కాదు, ఎందుకంటే నేను తెలుగులో రాస్తాను, దానంతట అదే వచ్చిన ఇంగ్లిష్ వాక్యాన్ని చెరిపేసి మళ్లీ రాయడం రెండింతల పని.

స్నాగిట్ గురించి కూడా చెప్పాలి. స్క్రీన్‌షాట్ల విషయంలో పాత కాపు అది. బాణాలు, నంబర్లు, పొడుగు పేజీని స్క్రోల్ చేస్తూ ఒకే బొమ్మగా తీయడం, ఇవన్నీ చాలా శుభ్రంగా చేస్తుంది, ఇప్పుడు స్టెప్పులుగా పట్టుకోవడం కూడా వచ్చింది. ఇదివరకు ఒకసారి కొంటే సరిపోయేది, ఇప్పుడు ఏడాది చందాకి మారింది. మాలాంటి చిన్న ఆఫీసుకి ఏటా కట్టేది బరువే అనిపించి వదిలేశాను. మీ కంపెనీ కడుతుంటే హాయిగా వాడుకోండి.

అసలు డబ్బే పెట్టలేని వాళ్లకు గ్రీన్‌షాట్, షేర్‌ఎక్స్ ఉన్నాయి, రెండూ ఓపెన్ సోర్స్, విండోస్‌లో పైసా ఖర్చు లేదు. గ్రీన్‌షాట్ ఎడిటర్‌లో ఐ అనే కీ నొక్కితే నంబరు బిళ్ల వస్తుంది, ఒకటి పెట్టాక రెండోది దానంతట అదే 2 అవుతుంది. ఆ చిన్న సౌకర్యం ఎంత టైం మిగిలిస్తుందో వర్డ్‌లో గుండ్రాలు గీసి అంకెలు టైప్ చేసినవాళ్లను అడగండి. ఒకే స్క్రీన్ మీద ఐదారు చోట్ల చూపించాల్సినప్పుడు, అంటే ఒక్క పేజీలో అయిపోయే చిన్న గైడ్‌కి, నేను ఇప్పటికీ గ్రీన్‌షాట్, వర్డ్ రెండే వాడతాను. హైటెక్ సిటీలో టెక్నికల్ రైటర్లుగా పనిచేసేవాళ్లు వాడే మ్యాడ్‌క్యాప్ ఫ్లేర్, అడోబీ రోబోహెల్ప్ లాంటివి వేరే లోకం. వేల పేజీల డాక్యుమెంటేషన్ ఉండి, ఒకచోట మార్చిన పేరా వంద చోట్ల మారాలనుకునేవాళ్లకు అవి. మనకు అక్కర్లేదు.

ఇక తెలుగు సంగతి. నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే.

బిల్లు రద్దు చేయడం అని ఒక గైడ్ రాశాను. ట్యాలీలో ఆల్ట్ ఎక్స్ కొడితే బిల్లు రద్దవుతుంది కానీ ఆ నంబరు అలాగే లెక్కలో ఉంటుంది. ఆల్ట్ డీ కొడితే బిల్లే పోతుంది, సెట్టింగ్‌ని బట్టి నంబర్ల వరుసలో ఖాళీ పడవచ్చు. కొత్తవాళ్లకు ఈ రెండింటికీ తేడా తెలియకపోతే నెలాఖరులో ఆడిటర్ దగ్గర సమాధానం చెప్పుకోవాల్సింది నేను. అందుకని చాలా జాగ్రత్తగా, పెద్ద అక్షరాలతో రాసి, నేను అప్పట్లో వాడుతున్న ఒక ఆన్‌లైన్ టూల్ నుంచి పీడీఎఫ్ తీశాను. స్క్రీన్ మీద అంతా సరిగ్గానే ఉంది. పీడీఎఫ్‌లో వత్తులన్నీ విడిపోయాయి. ‘రద్దు’ అన్న మాటలో ద కింద ఉండాల్సిన ద వత్తు పక్కకొచ్చి, పొల్లుతో ‘రద్‌దు’ అయింది. ‘క్లిక్’లో క పక్కన ల విడిగా. గుణింతపు గుర్తులు ఒకచోట, అక్షరం ఒకచోట. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి దాన్ని చూసి ‘ఇది తెలుగేనా అక్కా’ అని అడిగింది.

ఎందుకు ఇలా అవుతుందంటే, తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ అక్షరాలను దాచుకునే ఉమ్మడి పద్ధతి) వరుసగా ఉంటాయి, ద, పొల్లు, ద, కొమ్ము అని. వాటిని కలిపి ఒక ముద్దగా, వత్తు కిందికి దించి గీయడం అన్నది ఆ తర్వాత జరిగే పని. బ్రౌజర్లు, వర్డ్ ఈ పని బాగా చేస్తాయి. కానీ కొన్ని టూల్స్ పీడీఎఫ్ తయారుచేసేటప్పుడు వాడే లైబ్రరీ (రెడీమేడ్ ప్రోగ్రామ్ ముక్క) అక్షరాలను ఇంగ్లిష్ లాగా ఒకదాని పక్కన ఒకటి పేర్చేసి ఊరుకుంటుంది. ఇంగ్లిష్‌కి ఆ తేడా ఎప్పటికీ తెలియదు కాబట్టి వాళ్లు పట్టించుకోరు. ఆ కంపెనీకి మెయిల్ రాశాను, స్క్రీన్‌షాట్ జతచేసి మరీ. మర్యాదగానే జవాబిచ్చారు, చూస్తామన్నారు, నేను చందా ఆపేసేదాకా ఏమీ మారలేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. ఏ టూల్ అయినా ఉచిత ట్రయల్‌లో మొదట చేసే పని, ఒకే ఒక స్టెప్‌తో గైడ్ పెట్టి, అందులో ‘రద్దు, లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, క్లిక్’ అని ఐదు మాటలు కొట్టి, పీడీఎఫ్ తీసి, ప్రింట్ కూడా తీసి చూడటం. రెండు నిమిషాల పని. పాస్ కాకపోతే వర్డ్‌కి ఎక్స్‌పోర్ట్ ఉందా చూస్తాను. వర్డ్ ఫైలు వస్తే బతికిపోయినట్టే, అక్కడ ఫాంట్ నిర్మలా యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టుకుని వర్డ్ నుంచే పీడీఎఫ్ తీస్తే అక్షరం చెదరదు. ఇప్పుడు నా గైడ్లన్నీ వర్డ్ మీదుగానే వెళ్తాయి. ఒక మాట, డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లలో మాత్రం గైడ్లు చేయించకండి. అది యూనికోడ్ కాదు, రేపు ఒక్క మాట మార్చాలన్నా మళ్లీ ఆ షాపుకే పోవాలి, ఫైల్లో వెతుకుదామన్నా దొరకదు.

బటన్ల పేర్లు మాత్రం తెలుగులోకి మార్చకండి. మొదట్లో నేను ఉత్సాహంగా సేవ్‌ని ‘భద్రపరచు’ అని రాశాను, చదివినవాళ్లు స్క్రీన్ మీద ఆ మాట కోసం వెతుక్కున్నారు. స్క్రీన్ మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా కనిపిస్తోందో గైడ్‌లో కూడా అలాగే, అదే రంగు బాక్స్‌తో పెట్టాలి. చుట్టూ ఉండే వాక్యం తెలుగులో ఉండాలి.

గైడ్ అసలు ఎలా రాయాలో నాకు నేర్పింది మా గోడౌన్ చూసే కాకా. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ముప్పై ఏళ్లుగా స్టాకు రిజిస్టర్ తెలుగులో రాసుకుంటూ వచ్చాడు, కంప్యూటర్ ముట్టుకున్నది ఈ మధ్యనే. దారిలో లారీ చెడిపోయి సరుకు వేరే లారీకి మారిస్తే ఈ-వే బిల్లు పార్ట్ బీలో (బండి వివరాలుండే భాగం) కొత్త లారీ నంబరు ఎక్కించాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు ఉండాల్సిందే, అందులో నంబరు ఒకటి, రోడ్డు మీద లారీ ఇంకొకటి అయితే చెకింగ్‌లో బండి నిలిచిపోతుంది. ఇది రాత్రి ఎనిమిదింటికి జరిగినా జరుగుతుంది, అప్పుడు గోడౌన్‌లో ఉండేది కాకా ఒక్కడే. ఆయన కోసం పన్నెండు స్టెప్పుల గైడ్ చేసి తీసుకెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని వేలు పెట్టి ఒక్కో స్టెప్ చదివాడు. నాలుగో స్టెప్ దగ్గర ఆగి, ‘బిడ్డా, గీ డబ్బా ఒత్తినంక తెర మీద ఏమొస్తది? అది రాయలే నువ్వు. వచ్చింది సరైందో కాదో నాకెట్ల తెలుస్తది’ అన్నాడు.

ఆ ప్రశ్న తర్వాత నేను గైడ్ రాసే పద్ధతే మారిపోయింది. టూల్స్ అన్నీ చేసేది ఏంటి, ఇక్కడ క్లిక్ చేయండి, అక్కడ క్లిక్ చేయండి అని వరసగా చెప్పడం. క్లిక్ చేశాక ఏం కనిపించాలి, కనిపించకపోతే ఏం చేయాలి అన్నది ఏ టూలూ రాయదు, దానికి తెలియదు కూడా. పని తెలిసిన మనిషికే తెలుస్తుంది. ఆ నాలుగో స్టెప్ టూల్ ఇచ్చినప్పుడు ‘వెహికల్ నంబర్ బాక్స్ మీద క్లిక్ చేయండి’ అని అంతే ఉంది. ఇప్పుడు ఇలా ఉంది: ‘ఈ బాక్స్‌లో కొత్త లారీ నంబరు కొట్టండి. మధ్యలో ఖాళీ గానీ గీత గానీ వద్దు. పాత బండ్లకు టీఎస్ అని, 2024 మార్చి మధ్య నుంచి రిజిస్టర్ అయిన వాటికి టీజీ అని ఉంటుంది, ప్లేట్ మీద ఏదుంటే అదే కొట్టండి. ఎర్ర అక్షరాలతో మెసేజ్ వస్తే నంబరు తప్పుపడింది, మళ్లీ చూసి కొట్టండి.’ టూల్ కొనేటప్పుడు ఒక్కో స్టెప్ కింద ఇంత రాసుకునే చోటు ఉందా, లేక ఒక్క లైనుకే కుదించేస్తుందా అన్నది తప్పకుండా చూడండి. ఫోల్జ్‌లో ఎంత కావాలంటే అంత రాసుకోవచ్చు. మరీ క్లుప్తంగా రాయమనే టూల్స్ చూడటానికి అందంగా ఉంటాయి, కాకాకి పనికిరావు.

కస్టమర్ల వివరాల విషయంలో ఒకసారి పెద్ద టెన్షన్ పడ్డాను. తొందరలో నిజమైన బిల్లు మీదే గైడ్ రికార్డ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. పంపిన పది నిమిషాలకు చూసుకుంటే మూడో బొమ్మలో ఒక డీలర్ ఫోన్ నంబరు, ఆయన మాకు బాకీ ఉన్న మొత్తం స్పష్టంగా కనిపిస్తున్నాయి. డిలీట్ చేశాను, అప్పటికే నలుగురు చూశారు. ఆ డీలర్‌కి నేనే ఫోన్ చేసి చెప్పాను, ‘పోనీలే మేడమ్, ఇంకోసారి చూసుకోండి’ అన్నారు. ఆ రోజు సాయంత్రమే ట్యాలీలో ట్రైనింగ్ కోసం వేరే కంపెనీ ఒకటి తెరిచి, అందులో ఉత్తుత్తి పేర్లతో పార్టీలు, స్టాకు పెట్టాను. ఇప్పుడు రికార్డింగ్ అంతా అందులోనే. పోర్టల్‌లో అలా కుదరదు కాబట్టి అక్కడ దాచాల్సిన చోట మసక కాకుండా నిండు నల్ల పట్టీ వేస్తాను. మసక చేసిన అంకెలను, ముఖ్యంగా గళ్లు గళ్లుగా చేసినవాటిని, కష్టపడితే మళ్లీ చదవగలిగే పద్ధతులున్నాయి. వర్డ్‌లో బొమ్మని క్రాప్ చేసినంత మాత్రాన కత్తిరించిన భాగం పోదు, ఫైలు తెరిచినవాళ్లు క్రాప్ వెనక్కి లాగితే మళ్లీ కనిపిస్తుంది. కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి కత్తిరించిన భాగాన్ని తీసేయమని చెప్పాలి. ఇది చాలామందికి తెలియదు. 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది కాబట్టి ఇది మర్యాదకి సంబంధించిన విషయం మాత్రమే కాదు. గైడ్లు కంప్యూటర్‌లోనే ఉండిపోయే టూల్ వైపు నేను మొగ్గడానికి సగం కారణం ఇదే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనదానికి వస్తాను. ఈ టూల్స్ అన్నీ ఒకే మాట చెప్పి అమ్ముతాయి, గైడ్ నిమిషాల్లో తయారవుతుందని. నిజమే, తయారవుతుంది. కానీ గైడ్ చేసేది ఒక్కసారి. దాన్ని మార్చాల్సి వచ్చేది పదిసార్లు. నేను టూల్‌ని కొలిచేది ఆ మార్చే రోజునే.

మాకు ఆ రోజు ఎప్పుడొచ్చిందంటే, ఈ-వే బిల్లు పోర్టల్‌లో లాగిన్‌కి ఓటీపీ తప్పనిసరి చేసినప్పుడు. పెద్ద టర్నోవర్ ఉన్నవాళ్లకు అంతకుముందే దశలవారీగా, 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ. అప్పటిదాకా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొడితే లోపలికి వెళ్లిపోయేవాళ్లం. ఓటీపీ వచ్చేసరికి మా పోర్టల్ గైడ్లన్నిటిలో మొదటి మూడు స్టెప్పులు తప్పయిపోయాయి. పైగా ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందనేది ఇంకో సమస్య. మా లాగిన్ ఓనర్ గారి నంబరు మీద ఉంది, రాత్రి ఎనిమిదింటికి కాకా గోడౌన్ నుంచి ఆయనకు ఫోన్ చేసి ఓటీపీ అడగాలి. దానికి దారేంటంటే సబ్ యూజర్‌ని (మన లాగిన్ కిందే ఇంకో యూజర్) పెట్టుకుని, ఆ యూజర్‌కి వేరే ఫోన్ నంబరు రిజిస్టర్ చేయించడం, అప్పుడు ఓటీపీ నేరుగా ఆ ఫోన్‌కే వస్తుంది. కాకాకి అలాగే చేశాం. అంటే గైడ్‌లో స్క్రీన్‌తో పాటు పనిచేసే పద్ధతి కూడా మారింది.

అప్పటికి నా దగ్గర గైడ్లు మూడు రకాలుగా ఉన్నాయి. ఫోల్జ్‌లో చేసినవి తెరిచి, పాత లాగిన్ స్టెప్పులు తీసేసి, కొత్తవి చేర్చాను, కింద ఉన్న నంబర్లన్నీ వాటంతటవే సర్దుకున్నాయి, వర్డ్‌కి తీసి ప్రింట్ కొట్టాను. ఐదు గైడ్లకు కలిపి ఒక మధ్యాహ్నం పట్టింది. నేరుగా వర్డ్‌లో చేసినవి రెండున్నాయి, వాటిలో బొమ్మ తీసి బొమ్మ పెట్టేసరికి పేజీలు జరిగిపోయి, బాణాలు వేరే చోట్లకు పోయి, రెండింటికీ కలిపి ఇంకో పూట పోయింది. మూడో రకం వీడియోలు. ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్క్రీన్ రికార్డ్ చేసి, నా గొంతుతో చెప్పి, ఎంతో ఇష్టపడి చేసిన నాలుగు వీడియోలు. వాటిని మధ్యలో అతుకు వేయడం నావల్ల కాలేదు. కొత్త గొంతు పాత గొంతుతో కలవదు, వెనక ఫ్యాన్ చప్పుడు కూడా కలవదు. నాలుగూ పక్కన పెట్టేశాను. వీడియో టూల్స్ జోలికి ఎక్కువ వెళ్లలేదన్నది ఇందుకే. దానికి తోడు కౌంటర్‌లో మనిషి ఎదురుగా నిలబడి ఉంటే వీడియో వెనక్కి ముందుకు జరిపి చూసే తీరిక ఎవరికీ ఉండదు, కాగితం మీద ఏడో స్టెప్ అంటే ఏడో స్టెప్పే, వేలు పెట్టి చూసుకుంటారు. ఎప్పటికీ మారని పనికి, ఉదాహరణకి పంపు సీలు ఎలా విప్పాలో చూపించడానికి, వీడియోని మించింది లేదు.

టూల్ మాయమైపోయే ప్రమాదం కూడా గుర్తుపెట్టుకోండి. స్టెప్‌షాట్ అని ఈ పనికే మంచి పేరున్న టూల్ ఒకటుండేది, 2019లో యూఐపాత్ అనే కంపెనీ కొనేసి తన ఆటోమేషన్ సరుకులో కలిపేసుకుంది. నాకూ వేరే చోట ఇలాంటి అనుభవమే అయింది, ఒక ఆన్‌లైన్ సర్వీసు చందా ఆపగానే పాత గైడ్లు తెరుచుకున్నాయి కానీ మార్చడానికి వీల్లేకుండా పోయింది. అప్పటినుంచి ఏ టూల్‌లో చేసినా నెలకోసారి అన్నిటి వర్డ్ కాపీ తీసి ఆఫీసు హార్డ్ డిస్క్‌లో పెడతాను.

కాబట్టి ఎవరికి ఏది. పనంతా బ్రౌజర్‌లో జరిగి, చదివేవాళ్లంతా కంప్యూటర్ ముందుండే ఆఫీసైతే స్క్రైబ్ తీసుకోండి, ఉచిత ప్లాన్‌తో మొదలుపెట్టండి, చాలాకాలం అదే సరిపోవచ్చు. ట్యాలీ లాంటి ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్, తెలుగు, ప్రింటు, ఈ మూడూ ఉన్నచోట ఫోల్జ్. ఐదారు గైడ్లకు మించి అవసరం లేకపోతే డబ్బు ఖర్చు పెట్టకండి, గ్రీన్‌షాట్, వర్డ్ చాలు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాళ్లకు, అమీర్‌పేటలో జెరాక్స్ తీసిన మెటీరియల్ ఏళ్ల తరబడి అదే పంచుతున్నవాళ్లకు, నా విన్నపం ఒకటే: స్క్రీన్ మారినప్పుడల్లా ఆ పేజీ మార్చండి. పాత వెర్షన్ బొమ్మలతో నేర్చుకుని మా దగ్గరికి ఉద్యోగానికి వచ్చిన పిల్లలు మొదటి వారమంతా మెనూ ఎక్కడుందో వెతుక్కుంటూ భయపడిపోతున్నారు, ఆ భయం వాళ్లకు రావాల్సింది కాదు.

మా దగ్గర ఇప్పుడు పద్నాలుగు గైడ్లున్నాయి, అన్నీ ఎ4 కాగితం మీద, పక్క వీధిలో లామినేషన్ చేయించి, కింద మూలన చివరిసారి మార్చిన తేదీ వేసి. మొదట లామినేషన్ వద్దనుకున్నాను, మార్చినప్పుడల్లా మళ్లీ చేయించాలి కదా అని, కానీ గోడౌన్‌లో గ్రీజు చేతులతో పట్టుకుంటే మామూలు కాగితం నెల కూడా ఉండలేదు. సేల్స్ రిటర్న్ గైడ్ ఇప్పుడు రాస్తున్నాను. మొన్న కాకాకి చిత్తుప్రతి చూపిస్తే, సరుకు దెబ్బతిని వస్తే ఏ గోడౌన్ పేరు ఎంచుకోవాలో ఆరో స్టెప్‌లో లేదన్నాడు. నిజంగానే లేదు. అది చేర్చి సోమవారం మళ్లీ బాలానగర్ తీసుకెళ్లాలి.